నాలుగొందల ఏళ్ళ కప్లింగ్

"పట్టుకు చూడండి బసవయ్యగారూ, దూదిపింజంత తేలిక. ప్లాస్టిక్కండీ. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు నా మిషన్లోంచి సన్నటి తీగ దిగుద్ది, పొరమీద పొర పేర్చుకుంటా పోద్ది, పొద్దుటికల్లా ముక్క తయారు. త్రీడీ ప్రింటింగ్ అంటారు దీన్ని."

ఆటోనగర్లో ఆదెమ్మ టీకొట్టు బల్లమీద ఫిన్నీ కాలుమీద కాలేసుకు కూర్చున్నాడు. పక్కన మైలవరం నించి వచ్చిన బసవయ్య. ఆయన బావిమీది మోటారుకీ పంపుకీ మధ్య ఉండే కప్లింగ్ విరిగి మూడు రోజులైంది. రెండెకరాల బీరపందిరి, రోహిణి కార్తె ఎండ, చుక్క నీరు లేదు. ఇవాళ సాయంత్రానికి మోటారు తిరగకపోతే పాదులు దక్కవు. అలాంటి కప్లింగే ఫిన్నీ ప్రింటు తీసి తెచ్చాడు.

"విరుగుద్దేమోనని కదా మీ బెంగ? అసలు మేం ముక్క చెయ్యకముందే విరిచి చూస్తామండీ, కంప్యూటర్లో. ఎంత బరువేస్తే ఎక్కడ పగులుద్ది, ఎన్నిసార్లు తిప్పితే ఎప్పుడు అరుగుద్ది, అంతా లెక్క. మొదట్లో చెరుకురసం బండికి పళ్ళచక్రం చేశా. లెక్కలో రెండేళ్ళు వచ్చింది, సరిగ్గా రెండేళ్ళు తిరిగింది. అది చిన్నపని, వదిలెయ్యండి. ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసా?"

ఎదురుబల్ల మీద టీ తాగుతున్న జాన్‌బాబు, లేతు మిషన్ మీద ఇనప ముక్కలు చెక్కే పనివాడు, తెలీదన్నా చెప్పు అన్నాడు. వాడికి ఆ కథ నోటికొచ్చు.

"కంకరలారీ ఒకటి ఇక్కడే పంక్చరై ఆగింది. జాకీ లేదు. నా ముక్కలు నాలుగు పెట్టి లేపా. డ్రైవరు చెల్లెలి పెళ్ళని గుడివాడ పోయి లారీ సంగతే మర్చిపోయాడండీ. ఆరు నెలలు, కంకరతో సహా గాల్లోనే ఉంది. కింద చల్లగా ఉందని మనవాళ్ళు క్యారంబోర్డు కూడా పెట్టుకున్నారు. తీరా దింపి చూస్తే నా ముక్కలకి గీత పడలేదు గానీ లారీ ఇరుసు వంగిపోయింది."

నిరుడు చెప్పినప్పుడు రెండు నెలలేగా అని జాన్‌బాబు గుర్తుచేశాడు.

"నిరుడు నాకు టైము లేక కుదించి చెప్పా. మధ్యలో మాట్లాడమాక. ఇంక గన్నవరం సంగతి వినండి. విమానం ముందు చక్రం విరిగి, దిగే దారిలేక పైనే తిరుగుతోంది. నాకు ఫోనొచ్చింది. అది మూడు చుట్లు కొట్టేలోపు లెక్క కట్టి, చక్రం ప్రింటు తీసి, డ్రోనుకి కట్టి పైకి పంపా. పైలట్ కిటికీలోంచి చెయ్యిపెట్టి బిగించుకున్నాడండీ. ఆ విమానం ముసలిదై తుక్కులోకి పోయి ఏడాదైంది. చక్రం మాత్రం ఇవాళ్టికీ టైము తప్పకుండా గన్నవరం వచ్చి పోతోంది."

జాన్‌బాబుకి టీ పొలమారింది. బసవయ్య నవ్వలేదు. ముక్కని అటూ ఇటూ తిప్పి చూస్తూ, మాది రేకుల షెడ్డు, మధ్యాహ్నం మోటారు మీద చెయ్యి పెట్టలేం, ఆ వేడికి ఆగుద్దా అని అడిగాడు.

"ఆగడమా? మీ ముక్కని కంప్యూటర్లో లక్షసార్లు విరిచా. ముక్క విరగలా, కంప్యూటరు విరిగింది. ఇంకోటి కొని మళ్ళీ చూస్తే నాలుగొందల ఏళ్ళని తేల్చింది. రోహిణి కార్తెకి రోళ్ళు పగలాలి గానీ ఇది పగలదు. మీ మునిమనవలు మోటారు మార్చుకుంటారేమో, దీన్ని మార్చరు. అంతెందుకండీ, మరిగే నీళ్ళలో పడేసినా చెక్కుచెదరదు."

ఆదెమ్మ పొయ్యి దగ్గర్నించే ఇదంతా వింటోంది. ఇప్పుడు వచ్చి బసవయ్య చేతిలోంచి ముక్క తీసుకుని, పొయ్యిమీద తెర్లుతున్న నీళ్ళలో వేసింది. ఫిన్నీ చటుక్కున లేచాడు. అట్లా కాదక్కా, పొరలు ఇంకా సర్దుకోవాలి, ఒకరోజు ఆగాలి అంటూ పొయ్యి దాకా వచ్చాడు. ఆదెమ్మ నిదానంగా నాలుగు గ్లాసులు కడిగి, అప్పుడు పట్టకారుతో ముక్కని పైకి తీసింది. కప్లింగ్ పట్టకారుకి అటోవైపు ఇటోవైపు వేలాడింది.

"జంతికన్నావు కదా అబ్బాయ్. జంతిక వేడి తగిలితే గట్టిపడుద్ది," అంది.

ఫిన్నీ గొంతు సవరించుకున్నాడు. "లెక్క తప్పలేదండీ. లెక్కంతా మా ఏసీ గదిలో ఇరవైఐదు డిగ్రీలకి కట్టింది. ఆ చల్లదనంలో నాలుగొందల ఏళ్ళూ ఖాయం."

బసవయ్య సంచిలోంచి విరిగిన ఇనప కప్లింగ్ తీసి జాన్‌బాబుకిచ్చాడు. నాలుగింటి బస్సుకి ఇలాంటిది చేసివ్వగలవా అని అడిగాడు. జాన్‌బాబు దాన్ని చేత్తో తడిమి చూసి, టీ సగంలో వదిలేసి, రండి బాబాయ్ అంటూ లేతు వైపు నడిచాడు. బసవయ్య రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"మా బీరపాదు బతికేదే నాలుగు నెలలు నాయనా. ఆ నాలుగు నెలలూ ఎండలోనే."