జత చేతుల ఆనందయ్య సారు

1986వ సంవత్సరం జూలై పద్నాలుగవ తేదీన వల్లూరులో వ్యాయామోపాధ్యాయులుగా కొలువులో చేరిన శ్రీ ఆనందయ్య గారు, ఈ నెలాఖరున మా ఉన్నత పాఠశాల నుండి పదవీ విరమణ చేయుచున్నారు. సంతోషించవలసిన సందర్భమే గానీ, రెండు విడతలుగా వారితో కలిసి ఇదే బడిలో పనిచేసిన నాకు మనసు ఒప్పడం లేదు.

1991లో జమ్మలమడుగు దాపున ఉన్న మా ఊరికి వారు బదిలీపై వచ్చేనాటికి, ఊరు రెండు వర్గాలుగా చీలి, ఒకరు కూర్చునే టీ అంగట్లో మరొకరు మంచినీళ్ళు సైతం ముట్టని రోజులు. బడి మైదానం నిండా రాళ్ళూ, జిల్లేళ్ళూ. పిల్లలతోనే వాటిని ఏరించి, సున్నపు గీతలు గీయించి, కబడ్డీ జట్టును తీర్చిదిద్దిన ఘనత వారిది. వారి పద్ధతి ఒకటుంది. ఎదుటివాడు కూతకు వచ్చినప్పుడు చేయీ చేయీ పట్టుకొని నిలబడే జతలో, ఒకడు ఈ వర్గం ఇంటివాడైతే రెండవవాడు ఆ వర్గం ఇంటివాడై తీరాలి. అట్లా జతపడినవారే చిన్నసుబ్బయ్య, కాటమయ్య. వారి పట్టు విడిపించుకొని గీత చేరినవాడు అరుదు.

1996లో మా జట్టు ప్రొద్దుటూరులో జిల్లా స్థాయి తుది పోటీకి చేరింది. కన్నబిడ్డల ఆట కళ్ళారా చూస్తే పెద్దల మనసులు మెత్తబడతాయని నమ్మిన ఆనందయ్య గారు, మేమెంత వారించినా వినక, వర్గాల్లో ముఖ్యులైన ఆ ఇద్దరి తండ్రులనూ ఇండ్లకు వెళ్ళి మరీ పిలిచారు. ఇద్దరూ చెరొక జీపులో మనుషులను వెంటబెట్టుకొని వచ్చి, మైదానానికి చెరొక పక్క నిలబడ్డారు. పిల్లలు తండ్రుల వైపు చూశారు. చేతులు కలపలేదు. ఎవరికి వారే ఆడి, ఓడిపోయారు.

తిరుగు బస్సులో సారు, చెయ్యి ఎందుకు పట్టుకోలేదని అడిగారు. కాటమయ్య తల వంచుకొని, "మా నాయన చూస్తాండె సార్" అన్నాడు.

ఆ మాట వారిని వదలలేదు. నడుమ పులివెందుల వైపు ఎనిమిదేండ్లు పనిచేసినా, కోరి మా బడికే తిరిగి వచ్చారు. జట్లను మళ్ళీ జిల్లా స్థాయికి తీసుకుపోయారు గానీ, తల్లిదండ్రులను మాత్రం ఏ ఆటకూ పిలవలేదు. "నేను పిల్చకుండా ఉండింటే, ఆ పిల్లోళ్ళు ఈపొద్దుకీ కలిసే ఉందురేమో అప్పా" అని నాతో ఎన్నిసార్లు అన్నారో.

నేడు ఆ చిన్నసుబ్బయ్య, కాటమయ్యలే మండలంలో చెరొక పార్టీకి పెద్దలు. సన్మాన సభకు ఇద్దరినీ నేనే పిలిచాను. తప్పక వస్తామన్నారు; అవతలివాడు వచ్చే వేళ చెబితే, ఆ వేళ తప్పించి వస్తామన్నారు. సారుకు కప్పే శాలువా ఏ రంగుదో కూడా కనుక్కున్నారు. ఇదంతా చెబితే సారు నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "శాలువా వద్దప్పా. ఇద్దురూ ఒకేపారి వస్తే సాలు" అన్నారు.

శ్రీ ఆనందయ్య గారికి, వారి సతీమణి శ్రీమతి లీలమ్మ గారికి దేవుడు సంపూర్ణ ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆయుష్షు మాత్రం సారుకు అందరికన్నా మిక్కిలిగా ఇవ్వవలసిందని నా ప్రార్థన. చిన్నసుబ్బయ్య, కాటమయ్య మళ్ళీ చేయి కలిపే రోజును వారు చూడవలసి ఉన్నది. మా మండలంలో అది తొందరగా వచ్చేది కాదు.

— ఇనాయతుల్లా, గణితోపాధ్యాయుడు