సరంగు బేయాటా

హలో… ఆ, నేనే అన్నయ్యా, ఇంగెలాని. ఆ మోత గాలిది. మన దీవిలోనే ఉన్నా, చర్చి వెనక, సమాధుల దగ్గర…

అయ్యో, ఎవరూ పోలేదు! కంగారు పడకు. రాళ్ళు చెక్కే హోల్గర్‌ని తీసుకొచ్చా. ఐసాక్ తాత రాయి మీద ఒక పేరు చెక్కించాలి.

…బేయాటా అవ్వ పేరు.

…ఉందా? ఏముందీ? ‘సరంగు ఐసాక్ ఊమన్, ఆయన భార్య’. అంతేగా! ఆ భార్యకి పేరుండదా? నీకు తెలుసా అసలు? …చూశావా. నాకూ పోయిన చలికాలం దాకా తెలీదు.

…ఆగు, ఆగు. శనివారం నీ ఉపన్యాసం ఉందని తెలుసు. కొత్త పడవకి తాత పేరు పెడుతున్నారనీ తెలుసు. అందుకే ఇవాళే చెక్కిస్తున్నా.

సరే, ఒక్కటడుగుతా, చెప్పు. తుఫానులో ఆ నార్వే ఓడని రాళ్ళ మధ్యలోంచి రేవుకి తెచ్చింది ఎప్పుడు? …ఆ, పద్దెనిమిది వందల డెబ్భై ఎనిమిదిలో. పద్నాలుగు ప్రాణాలు. మెడల్ ఇచ్చారు. నీ ముందు గదిలో అద్దాల పెట్టెలో పెట్టుకున్నావు, వచ్చినవాళ్ళందరికీ చూపిస్తావు.

మరి డెబ్భై రెండుకే తాతకి రెండు కళ్ళూ పోయాయి అన్నయ్యా.

…నా బుర్రలోంచి కాదు. చర్చి పుస్తకంలోంచి. ఆ రోజుల్లో పాస్టరు ఏటేటా ఇంటింటికీ వచ్చి అందరిచేతా బైబిలు చదివించి, ఎవరెలా చదివారో రాసేవాడు కదా? తాత పేరు పక్కన మొదట్లో ప్రతి ఏడూ ‘బాగా చదువును’. డెబ్భై ఒకటిలో ‘కంఠతా చెప్పును, పుస్తకము చూడలేడు’. మరుసటేడు, ‘చూపు పూర్తిగా పోయినది’. అదే చేతిరాత, అదే సిరా.

…తప్పు రాశాడా? తాత పోయేదాకా పదకొండేళ్ళ పాటు, ఏటేటా తప్పే రాశాడా? నా చెవిలో పువ్వులు పెట్టకు.

మరి ఆ పదకొండేళ్ళూ ఓడలెక్కిందెవరు? …చెప్పు.

…ఆవిడే. తాత కోటు, తాత టోపీ, తాత బూట్లు. పరాయి ఓడ ఎక్కి, నీళ్ళలో మునిగిన ఒక్కో రాయినీ తప్పించి తీసుకొచ్చేది. ఓడలకి దారి చూపే సరంగు పని ఆడవాళ్ళకి ఇవ్వరు. కళ్ళు పోయాయని తెలిస్తే పని తీసేసి, పనితో ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యమంటారు. ఐదుగురు పిల్లలు. ఏం చెయ్యమంటావు ఆవిడని? అడుక్కోమంటావా?

…మోసమా!

నోరు ముయ్యి టోర్కెల్! పెద్దవాడివని ఊరుకుంటున్నా. పద్నాలుగు మంది బతికి బట్టకట్టారు, అది మోసమా? పాస్టరుకీ తెలుసు. పుస్తకంలో రాసుకున్నాడు, పైకి ఒక్క ముక్క చెప్పలేదు. దీవి దీవంతా నోరు కట్టుకుంది. వాళ్ళకి లేని రోషం నీకెందుకు?

…ఆ, నీ ఉపన్యాసం. నాకూ పంపావుగా, చదివాను. ‘మా ఐసాక్ తాత మాటలు తక్కువ మనిషి. ఆ రాత్రి ఓడ మీద ఒక్క మాటైనా మాట్లాడలేదు, చేత్తోనే దారి చూపించాడు.’ ఎంత మురిసిపోయి రాశావో పాపం! ఎందుకు మాట్లాడలేదో ఒక్కసారైనా ఆలోచించావా? నోరు తెరిస్తే గొంతు పట్టిచ్చేస్తుందని! తుఫానులో, తాళ్ళు తెగుతుంటే, ఒక్క కేక కూడా వెయ్యకుండా పళ్ళు బిగబట్టుకుంది. అది తలుచుకుంటే నాకు ఏడుపొస్తోంది అన్నయ్యా. నీకు రావట్లేదా?

…పరువా? ఎవరి పరువు? తాత పరువుకేం? భార్య సముద్రం మీద ఉంటే, గుడ్డితనంలో ఐదుగురు పిల్లలకి వండిపెట్టాడు. అదీ చెప్పు శనివారం.

…నీ అనుమతి లేకుండానా? అమ్మ పోయాక ఈ సమాధి హక్కు ఎవరో ఒకరి పేర రాయించుకోమంటే, ‘నాకు తీరిక లేదు, నువ్వే చూసుకో’ అన్నావు. చూసుకుంటున్నా. చర్చి వాళ్ళ కాగితం నా చేతిలో ఉంది.

…గడప తొక్కొద్దా? తొక్కను. నీ గడప లేకపోతే నాకు పొద్దు గడవదా!

…లేదు. శనివారం దాకా ఆగను. నూట నలభై ఏళ్ళు ఆగింది చాలు.

ఒక్కటి మాత్రం విని ఫోను పెట్టెయ్. ఏటా నవంబరులో సమాధుల మీద కొవ్వొత్తులు పెట్టడానికి వచ్చేవాళ్ళం, గుర్తుందా? అమ్మ కొవ్వొత్తిని తాత పేరు కింద పెట్టేది కాదు. కుడి మూలన పెట్టేది, ఏమీ రాయని చోట. నువ్వు దాన్ని తీసి మధ్యలోకి జరిపితే నీ చేతి మీద ఒక్కటిచ్చి, మళ్ళీ మూలకే పెట్టేది…

…ఆ. ప్రతి ఏడూ.

…అవును, తెలుసనే అనుకుంటున్నా. అమ్మకి వాళ్ళ అమ్మమ్మ చెప్పుంటుంది. ఆవిడ బేయాటా అవ్వ కడగొట్టు కూతురే కదా.

హోల్గర్ అడుగుతున్నాడు, పేరుకి ముందు ఏం చెక్కాలని… లేదు హోల్గర్, ‘భార్య’ అక్కర్లేదు, అది పైన ఉండనే ఉంది. ‘సరంగు’ అని చెక్కు. ‘సరంగు బేయాటా ఊమన్’. ఆయన అక్షరాలెంతో ఈవిడవీ అంతే. కుడి మూలన, ఇక్కడ.

…టోర్కెల్? పెట్టేశావా? …లేదు, ఊపిరి వినిపిస్తోంది.

శనివారం వస్తావో రావో నీ ఇష్టం. ఆ ఉపన్యాసం కాగితం చింపేస్తావో, అదే చదువుతావో, అదీ నీ ఇష్టం. నేను మాత్రం ఇక్కడే, ఈ రాయి పక్కనే నిలబడతా. అందరూ చదివేదాకా నిలబడతా.

ఫోను రాయి మీద పెడుతున్నా. నేనైతే పెట్టెయ్యను. పెట్టెయ్యాలంటే నువ్వే పెట్టెయ్.

కానీయ్ హోల్గర్. లోతుగా కొట్టు. వాడికి వినపడాలి.