బోర్లా పడుకుని విన్న సీరియల్

బుధవారం మధ్యాహ్నం. వదిన మంచం మీద బోర్లా పడుకుని ఉంది. మంచం అంచు దాటించి అమర్చిన గుండ్రటి దిండులో ఆమె మొహం. ఆమెకు కనిపించేది నేల, నేల మీద నడిచే కాళ్లు. ఆడపడుచు కుర్చీలో కూర్చుని, టీవీలో పరాయి భాష సీరియల్ కింద వచ్చే అక్షరాలను తెలుగు చేసి పైకి చదువుతోంది.

"ఆగిపోయావేం, రేడియో?"

"నేను ఆగలేదు వదినా. వాళ్లే మాట్లాడటం లేదు."

"ఎవరో ఏడుస్తున్నారు."

"ఏడుపుకి అక్షరాలు వెయ్యరు."

"ఏడుస్తోంది ఎవరు?"

"లిఫ్టులు బాగుచేసే పిల్ల."

"అదెందుకు ఏడుస్తుంది? ఎనిమిదో ఎపిసోడ్ దాకా దాని కంట్లో నలుసు పడ్డా ఏడవలేదు."

"చెప్తే టీవీ కట్టెయ్యమంటావు."

"చెప్పు."

"కేకుల అబ్బాయికి కవల తమ్ముడున్నాడట."

"ఎవరన్నారు?"

"వాళ్ల నాయనమ్మ."

"ఆవిడెవరు?"

"ఇప్పుడే వచ్చింది. చాలా ఆస్తి ఉందట."

"ఇన్ని ఎపిసోడ్లూ ఎక్కడుందట?"

"అది రాయలేదు. ఇదుగో, లారీ వస్తోంది."

"ఎవరి మీదికి?"

"ఇంకా తేలలేదు. ముగ్గురు రోడ్డు దాటుతున్నారు."

"కట్టెయ్."

"చెప్పానా."

"ఈ ఆసియా డ్రామాలన్నీ ఇంతే. కొరియాదైనా చైనాదైనా జపాన్‌దైనా ఒకటే జాతకం. మొదటి ఎనిమిదీ రచయిత రాస్తాడు, మిగతా ఎనిమిదీ ఆయన బావమరిది రాస్తాడు. మొదటి ఎపిసోడ్ ఎంత బావుంది. వాడు లిఫ్టులో కేకు పట్టుకుని ఇరుక్కుపోవడం, అది బయట పానా పట్టుకుని కూచోవడం, మధ్యలో తలుపు. మొహాలు చూసుకోకుండా గంటసేపు కబుర్లు."

"తలుపు తెరిచాక ఇద్దరికీ నోట మాట రాలేదు. అదీ బావుంది."

"అంత బంగారం లాంటి కథని తీసుకొచ్చి లారీ కింద పెట్టాడు. కట్టేసి, నన్ను కాస్త లేపి కూచోబెట్టు."

"లేవకూడదు."

"అయిదు నిమిషాలు."

"కంటి వెనకాల పొరకి చిల్లి పడింది వదినా. ఆపరేషన్ చేసి లోపల గాలిబుడగ పెట్టారు. నువ్వు బోర్లా ఉంటేనే అది పైకి తేలి ఆ చిల్లికి ఆనుకుని ఉంటుంది. తల ఎత్తావా, బుడగ జరుగుతుంది, చిల్లి చిల్లిలాగే ఉంటుంది. ఆ కన్ను ఇంక రాదు. శనివారం డాక్టరు చూసేదాకా ఇంతే."

"డాక్టరు కూచునే చెప్పాడు ఆ మాట."

"నిన్న అన్నయ్య చదువుతుంటే తల ఎత్తావట."

"మీ అన్నయ్య చదివితే రైల్వే స్టేషన్లో ప్రకటనలా ఉంటుంది. 'నువ్వు లేకుండా నేను బతకలేను' అన్నాడు, ఏ ప్లాట్‌ఫారమో ఒక్కటే చెప్పలేదు. ఆ మాట చదివేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో చూద్దామని ఎత్తాను. పెళ్లయి ఇరవై రెండేళ్లు, మళ్లీ అవకాశం రాదని."

"ఎలా ఉంది?"

"జలుబు చేసినట్టుంది."

"ఇప్పుడూ ఎత్తుతావు నువ్వు."

"ఏమీ తోచకపోతే ఎత్తుతా. నేలని ఎంతసేపని చూడను? మూడో పలకకి పగులుంది. ఆ పగుల్లో చీమలున్నాయి. వాటికైనా ఏదో పని ఉంది."

"ఆగాగు. నేను తప్పు చదివాను వదినా."

"ఏం తప్పు?"

"ఆ లారీ అలాంటిది కాదు. సామాన్ల లారీ. ఇల్లు మారుతున్నారు."

"ఏదో గుద్దుకున్నట్టయిందే."

"బీరువా జారింది."

"మరి కవల తమ్ముడు?"

"అద్దం. బీరువాకి అద్దముంది, అందులో చూసుకుంటున్నాడు."

"నాయనమ్మ?"

"ఇల్లుగలావిడ. ఆస్తి అంటే ఆ ఇల్లే."

"ఏడుపు?"

"దుమ్ము."

"ఓహో."

"అక్షరాలు తొందరగా పోతున్నాయి. కళ్లజోడు లేదు నాకు."

"పెట్టుకో మరి. నీ పెట్టె గోడ పక్కనే ఉంది, వరసగా నీ చెప్పులూ కనిపిస్తున్నాయి నాకు. పది రోజులుండి పోదామని వచ్చినదానివి, నాలుగు జతల చెప్పులు తెచ్చావు."

"నడవడానికి."

"చలికాలపు బూట్లు కూడా తెచ్చావు. బయట ఎండ మండిపోతోంది."

"పెట్టెలో చోటుందని పెట్టాను. చదవనా, మాననా?"

"చదువు. ఇల్లు మారి ఏం చేశారు?"

"పెళ్లి చేసుకున్నారు."

*

శుక్రవారం. పన్నెండో ఎపిసోడ్.

"అదేంటి, హెలికాప్టరా?"

"మిక్సీ."

"గాల్లోకి లేచినట్టుందే."

"పాత మిక్సీ వదినా."

"తరవాత?"

"తరవాత ఏం లేదు. కూచున్నారు. అది ఈ గదిలో, ఆయన ఆ గదిలో."

"ఇప్పుడే ఎవరో గావుకేక పెట్టారు."

"పక్కింటివాళ్లు."

"మరి ఆ ఠక్కుఠక్కు? కోర్టులో సుత్తి కొట్టినట్టు."

"మేకు కొడుతున్నాడు గోడకి. పలక తగిలించడానికి."

"పలకెందుకు?"

"చెప్పాల్సిందంతా దాని మీద రాస్తాడు. మాట్లాడటం మానేశాడు."

"దెబ్బలాడుకున్నారా?"

"లేదు. దెబ్బలాడుకుంటే బావుండేది, ఎక్కడ మొదలైందో తెలిసేది."

"తిట్లు రాస్తాడా?"

"ఛ. పాలు అయిపోయాయి అని రాస్తాడు. ఇవాళ ఆలస్యం అవుతుంది అని రాస్తాడు. వాక్యం చివర చుక్క కూడా పెడతాడు."

"చుక్క కనిపిస్తోందా టీవీలో?"

"దగ్గరగా చూపించారు."

"కేకుల అబ్బాయే కదా? గంటసేపు లిఫ్టులోంచి కబుర్లు చెప్పినవాడు?"

"ఆయనే."

"ఇందాకటిదాకా వాడు అనేదానివి."

"పెళ్లయ్యాక ఆయన అయ్యాడు."

"ఎన్నాళ్లనించి ఈ పలక?"

"పద్నాలుగు నెలలు."

"నెలలు కూడా చెప్పారా?"

"కింద వేశారు."

"ఆ పిల్ల ఏం చేస్తోంది మరి?"

"మొదట్లో తనూ మాట్లాడేది, గోడతో మాట్లాడినట్టు. తరవాత తనూ పలక మీద రాసింది. తరవాత అదీ మానేసింది. ఇప్పుడు పనిలో, లిఫ్టు ఎక్కినవాళ్లతో మాట్లాడుతుంది. ఏ అంతస్తు అని అడుగుతుంది, వాన పడేట్టుంది అంటుంది."

"మంచిదేగా."

"దిగిపోతారు కదా వదినా."

"పుట్టింటివాళ్లకి చెప్పలేదా?"

"ఏం చెప్తుంది? కొట్టడు. తాగడు. ఇంటికి టైముకి వస్తాడు. మొగుడు మాట్లాడటం లేదని చెబితే, అదృష్టవంతురాలివే, మా ఇంట్లో ఆయన నోరు మూయడు, కావాలంటే మార్చుకుందాం అంటారు."

"అలా ఎవరంటారు?"

"వాళ్ల వదిన అంది. ఒకసారి, ఫోన్లో."

"ఎప్పుడు?"

"పోయిన సంవత్సరం. నవ్వుతూనే అంది. ఇదీ నవ్వింది. ఆవిడ తప్పేం లేదు, సరిగ్గా చెప్పలేదు కదా ఇది."

"ఆ వదిన ఈ ఎపిసోడ్లో ఉందా?"

"లేదు. గొంతే."

"ఎలా ఉంది గొంతు?"

"తొందరలో ఉన్నట్టుంది. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చినట్టు."

"ఊఁ."

"తల ఎత్తకు వదినా."

"ఎత్తలేదు. దిండు సర్దుకున్నా."

"నేల మీద ఏదో పడింది."

"కంటి మందు."

"మందు వేసి రెండు గంటలైంది."

"నిదానంగా పడే మందు అది. నువ్వు చదువు."

*

మంగళవారం ఉదయం. పదహారో ఎపిసోడ్, ఆఖరిది.

"మొదలైందా?"

"పేర్లు వేస్తున్నారు. ఇది అయిపోతే నీకు అన్నం పెట్టి బయల్దేరతా వదినా. నాలుగింటి బండి."

"తెలుసు. గోడ పక్కన ఒక్క జతా లేదు. అన్నీ పెట్టెలో సర్దేశావు."

"ఆయన మెసేజ్ పెట్టాడు."

"ఏమని?"

"బుధవారం గ్యాస్ బండ వస్తుంది అని."

"అంతేనా?"

"చుక్క పెట్టాడు."

"నేనింకా బోర్లానే ఉన్నాను కదా. మధ్యలో వదిలేసి పోతావా?"

"శనివారం ఆసుపత్రిలో ఇంకా ఎన్నాళ్లన్నారో నువ్వు సరిగ్గా చెప్పవు. అన్నయ్యని అడిగితే, మీ వదిననే అడుగు అని మేడ మీదకి పోయాడు. నా సెలవు అయిపోయింది. ఈ పూటనించి ఇంకో సీరియల్ అన్నయ్య చదువుతాడు."

"ప్లాట్‌ఫారం నంబరుతో సహా. సరే, కానియ్. ఏమవుతోంది?"

"ఆ పిల్ల చెరువుగట్టు మీద, కాదు, బస్టాండులో కూచుంది. పెట్టె పక్కన పెట్టుకుని."

"ఎక్కడికి?"

"ఇంటికే. పలక ఉన్న ఇంటికి. వెళ్లింది. తాళం తీసింది. పలక మీద 'వచ్చావా' అని రాసి ఉంది. అయిపోయింది."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"పాట ఇంకా వస్తోంది. జనం చప్పట్లు కొడుతున్నారు."

"బస్టాండులో వాళ్లు."

"నాకు నచ్చలేదు."

"నువ్వే అన్నావుగా, ఈ డ్రామాలన్నీ ఇంతేనని. మొదలు బావుంటుంది, తరవాత ఎవరికీ ఏం చెయ్యాలో తెలీదు, ఎలాగో లాక్కొచ్చి ముగిస్తారు."

"చివర మార్చు."

"నేనెలా మారుస్తా? రాసింది చదవడమేగా నా పని."

"ఎనిమిది ఎపిసోడ్లనించి రాయనిది చదువుతున్నావుగా. ఇంకొక్క ముక్క చదవలేవా?"

"అదేం మాట?"

"ఆ చప్పట్లు పెళ్లిలోవి. కవల తమ్ముడు నాయనమ్మ దగ్గర ఉండే నర్సుని పెళ్లి చేసుకుంటున్నాడు. హెలికాప్టర్ హెలికాప్టరే. లారీ కేకుల అబ్బాయినే గుద్దింది, వాడు నాలుగు ఎపిసోడ్లు లిఫ్టు పిల్లని మర్చిపోయాడు, పదిహేనోదాన్లో కేకు తిని గుర్తు తెచ్చుకున్నాడు. ఈ సీరియల్ నేను రెండుసార్లు చూశాను."

"ఎప్పుడు?"

"పోయినేడు. చూడనిదయితే ఆత్రం ఆగక తల ఎత్తుతానని, చూసిందే పెట్టమన్నాను మీ అన్నయ్యని."

"మరి బుధవారమే చెప్పచ్చుగా."

"ఏం చెప్పను? చూసిందే అంటే నువ్వు చదవడం మానేస్తావని తెలియనట్టు అడిగాను. బీరువాకి అద్దముందన్నావు, ఇదేదో తమాషాగా ఉందే అనుకున్నాను. శుక్రవారం పలక వచ్చింది. తమాషా అయిపోయింది."

"టీవీ కట్టేస్తాను."

"ఆ ఫోన్లో మాట నేనన్నది గుర్తు లేదు. అనే ఉంటాను. అలాంటివి రోజుకి పది అంటాను నేను."

"నువ్వు నవ్వుతూనే అన్నావు వదినా."

"అది చాలదు. చిన్నప్పుడు నిన్ను రేడియో అని పేరు పెట్టి పిలిచింది నేనే. కట్టేద్దామంటే మీట దొరికేది కాదు. మొన్న ఆపరేషన్ ముందురోజు వచ్చావు, ఎదురుగా కూచున్నావు, మూడంటే మూడు మాటలు. బావున్నావా, బండి లేటు, మంచినీళ్లు. నేను బోర్లా పడ్డాక పలకడం మొదలెట్టావు. మొదటి ఎపిసోడ్లో లిఫ్టు తలుపు మూసి ఉన్నంతసేపే కదా వాళ్లు మాట్లాడుకున్నది."

"తెరిస్తే మాట రాలేదు."

"అదే. టిక్కెట్టు చించెయ్."

"ఫోన్లో ఉంది."

"ఫోన్లోవి ఎలా చించుతారో అలా చించు. ముందు పెట్టె తీసి బూట్లు గోడ పక్కన పెట్టు. చలికాలపువి."

"చలికాలం దాకానా?"

"తెచ్చుకున్నది నువ్వే. నన్నడుగుతావేం?"

"అన్నయ్యకి ఏం చెప్తాం?"

"నువ్వు చదివి వినిపించు, ఆయనకి అర్థమవుతుంది. నాకు అర్థమైంది కదా."

"నాకేం తెలీడం లేదు వదినా. వెళ్తే ఏమవుతుందో తెలుసు. ఉంటే ఏమవుతుందో తెలీదు."

"పెట్టావా?"

"పెట్టాను. కనిపిస్తున్నాయిగా."

"కనిపిస్తున్నాయి. కుడిదానికి లేసు ఊడింది. ఇప్పుడు ఇలా నా ముందుకొచ్చి కూచో, నేల మీద కాదు, కుర్చీలో. నీ కాళ్లు చూసి చూసి విసుగొచ్చింది."

"ఏం చేస్తున్నావు? వదినా, తల ఎత్తకు. వద్దు, కన్ను పోతుంది."

"పోదు. చిల్లి పూడింది, ఇంక లేచి తిరగమని డాక్టరు శనివారమే చెప్పాడు."