వెంకట్రాజం సేటు తువ్వాల

ఏం రాస్తానవ్ బిడ్డా, పొద్దటి సంది ఆ ఫోన్ల? కాలేజోల్లకా? ఫీజు ఇంకా జర తగ్గియ్యుమనా? ఒకసారి తగ్గిచ్చిండ్రు, మల్ల అడగాలంటే సిగ్గయితాందా? అరె, సిగ్గెందుకు. మీ అమ్మ చదువుకు గూడ గిట్లనే రెండోసారి అడగవోయినం. నేను గాదు, నాకెక్కడిది గంత ధైర్యం. వెంకట్రాజం సేటు అడిగిండు. నువ్వు చూడలే ఆయన్ను, నువ్వు పుట్టకముందే పోయిండు. కేసముద్రం మార్కెట్ల మిర్చి అడ్తి ఆయనది, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టేటోడు, నేను ఆయన దగ్గర బస్తాలు మోసేటోన్ని. బక్క మనిషి, బుజం మీద ఎప్పటికీ ఎర్ర గళ్ల తువ్వాల. గొంతు మాత్రం, అబ్బో, యార్డు ఆ మూలకెల్లి ఈ మూలకు ఇనొచ్చేది. "అరె రాజమల్లూ, బస్తా తడుస్తాంది, కండ్లు ఏడ వెట్టినవ్ రా!" అని నన్ను తిట్టేటోడు. తిట్టి మల్ల ఆయనే చాయ్ తాగిపిచ్చేటోడు. చాయంటే యాదికొచ్చింది, మీ అమ్మమ్మ పొయ్యి మీద పెట్టిందా లేదా... సరే తియ్యి.

ఇగ సంగతేందంటే, మీ అమ్మ ఇంటర్ అయిన ఏడు నేను లారీ మీదికెల్లి పడ్డ. నడుము పోయింది. నేను దవాఖానల పండుకోని ఉండంగనే మీ అమ్మకు హన్మకొండల ఇంజనీరింగ్ సీటొచ్చింది. కాలేజోల్లు మన హాలత్ చూసి సగం ఫీజు మాఫ్ జేసిండ్రు. మిగిలిన సగం గూడ మనతోని గాదు. సోమవారం లోపట కట్టకుంటే సీటు ఇంకొకలకు పోతది. మీ అమ్మ ప్రేమలత ఏమంటదీ, "ఫికర్ జెయ్యకు నాయినా, బట్టల దుకాణంల పనికి పోత తీ" అంటది. అనుకుంట అటు మొకం తిప్పుకున్నది. సేటుకు ఎవలు జెప్పిండ్రో, పొద్దుగాల్నే వచ్చి నన్ను, మీ అమ్మను బస్సెక్కిచ్చిండు. దవాఖానకెల్లి ఇంటికొచ్చిన గాని, నేను ఇంక కట్టె వట్టుకోనే నడుస్తాన.

ఆఫీసుల మందే మంది. కాలేజి నడిపేటాయన కిషన్ రావు సారు, గంత పెద్ద టేబులు. పక్కకు క్లర్కు. "సగం తగ్గిచ్చినంక గూడ మల్ల వచ్చిండ్రా? మీకు తగ్గిస్తే అందరు అడుగుతరు" అని మందంత ఇనేటట్టు అన్నడు. మీ అమ్మ తల దించుకున్నది. గప్పుడు సేటు ఏంజేసిండో ఎరికేనా? సారు ఎదురుంగ కుర్చీల కూసున్నడు, టేబుల్ మీద చెయ్యి వెట్టిండు, దాని మీద తువ్వాల కప్పిండు. "చెయ్యి పెట్టుండ్రి సారూ" అన్నడు. మిర్చి బేరం గట్లనే బిడ్డా, తువ్వాల కింద వేళ్లు వట్టి ధర చెప్పుకుంటరు, పక్కోనికి తెల్వొద్దని. కాలేజిల గట్ల చేస్తరా ఎవలన్న! క్లర్కు పక్కున నవ్విండు. "సేటూ, ఇది యార్డు గాదు" అని నేను గునుగుతాన. కిషన్ రావు సారు నవ్వలే. ఆ తువ్వాలనే చూసుకుంట, "చిన్నప్పుడు మా నాయిన ఎంట ఎడ్ల అంగడికి పోయి చూసిన, మల్ల గిదే చూసుడు" అన్నడు. అని, చెయ్యి లోపటికి వెట్టిండు!

గంత గొంతున్న సేటు, ఇప్పుడు వేళ్లతోనే మాట్లాడుతాండు. తువ్వాల కదులుతాంది. సారు తల అడ్డంగ ఊపుతాండు, సేటు చెయ్యి ఇడుస్తలేడు. ఎనక మంది నిక్కి నిక్కి చూస్తాండ్రు, ఏం తెలుస్తది! బిచ్చమడిగినట్టు లేదు బిడ్డా, ఇద్దరు సమానంగ కూసోని బేరం చేసినట్టే ఉన్నది. నా బిడ్డ ఇజ్జత్ మీద గూడ ఆ తువ్వాల కప్పిండు ఆయన. ఎట్ల తట్టిందో ఆ మనిషికి! ఆఖరికి సారు చెయ్యి తీసి, మీ అమ్మ దిక్కు చూసి, "సోమవారం క్లాసుకు రామ్మా" అన్నడు.

బస్సుల అడిగిన, "సేటూ, ఎంతకు తెగింది?" అని. "తువ్వాల కింది మాట బయట చెప్తరార?" అని కసిరిండు. మొత్తం మాఫే చేసిండో, కొంత నేను కడుత అని సేటే అన్నడో, ఇయ్యాల్టికి నాకు తెల్వది. చదువైపొయ్యేదాక మీ అమ్మను ఫీజని ఎవలూ అడగలే, గంతే.

సేటు సచ్చిపోయిన నాడు వాకిట్ల పండవెట్టిండ్రు. చేతుల మీద ఆ ఎర్ర గళ్ల తువ్వాలనే కప్పిండ్రు. కిషన్ రావు సారు కారు దిగి వచ్చిండు. దండేసి పోతడనుకున్నం. పోలే. కింద కూసోని, తువ్వాల కిందికి చెయ్యి వెట్టిండు. అందరం చూస్తానం. శానసేపు అట్లనే వట్టుకోని కూసున్నడు. ఏ వేలు వట్టిండో, ఏం చెప్పిండో...

ఆఁ. గా దండెం మీద నా తువ్వాల ఆరిందేమో చూడు బిడ్డా. రేపు కాలేజికి నేను గూడ వస్తాన.