స్పీకర్ల చెక్కకు కాళ్లు

వడ్రంగి షెడ్డు ముందు ఒక కారు. వెనక సీటు మీద మోకాళ్లేసుకుని అల్లుడు, తలుపు దగ్గర మేస్త్రి, మూతపడ్డ డిక్కీలో మామగారు. వెనక అద్దం కింద కొత్తగా బిగించిన చెక్కకు స్పీకర్ల కోసం కోసిన రెండు కన్నాల్లోంచే మామగారి గొంతు వస్తోంది.

"మామయ్యా, కుడి కన్నం దగ్గరికి రండి. ఎడమ వైపు నుంచి సగం మాటే వినిపిస్తోంది."

"కుడి వైపు స్టెప్నీ టైరుందయ్యా. దాని మీద కూర్చుంటే తల చెక్కకి తగులుతోంది."

"అసలు మిమ్మల్ని లోపలికి ఎవరెక్కమన్నారు?"

"బట్ట కొనేవాడు తిరగేసి చూడకుండా కొంటాడా? ఈ చెక్క తిరగేసిన వైపు డిక్కీలో ఉంది. చూద్దామని ఎక్కాను."

"చూశారుగా! మేస్త్రీ, నువ్వు చెప్పు. స్పీకర్లు పెట్టుకునే చెక్కకి కింద కాళ్లెందుకు పెట్టావయ్యా?"

"బాబుగారూ, ముప్పై ఏళ్లుగా షాపు కౌంటర్లు చేస్తున్నాను. కాళ్లు లేని చెక్క నా చేతి నుంచి ఇంతవరకూ బయటికి పోలేదు."

"ఇది కౌంటరు కాదు. కారు. దీనికి చక్రాలున్నాయి."

"కారుకున్నాయండీ. చెక్కకి లేవుగా. రేపు స్పీకర్ల బరువుకి కుంగితే ఎవర్నంటారు? నన్నేగా?"

"ఇప్పుడా కాళ్లే డిక్కీ మూతకి అడ్డం పడ్డాయి!"

"పూర్తిగా అడ్డం కాదండీ. మూతను పట్టుకునే కమ్మీలు మూసుకోడానికి దారిచ్చాయి. తెరుచుకోడానికే ఇవ్వడం లేదు."

"అంటే ఎలకల బోను చేశావన్నమాట."

"ఎలకల బోను ఇంత నున్నగా ఉండదు అల్లుడూ. అంచు మొత్తం తడిమి చూశాను, ఒక్క పేడు గుచ్చుకోలేదు. పని మాత్రం ఫస్టు క్లాసు మేస్త్రీ."

"చాలా సంతోషమండీ షావుకారుగారూ."

"మామయ్యా! టైమెంతయిందో తెలుసా? నాలుగున్నర దాటింది. ఇక్కడ చెక్క బిగించుకుని అటునుంచటే కొట్టు గది యజమాని దగ్గరికి వెళ్దామనేగా బయల్దేరాం? మీరు ఎదురుగా వచ్చి సరే అంటేనే గది ఇస్తానన్నాడు. ఐదు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తాడు."

"తెలుసు, తెలుసు."

"పదకొండేళ్లు మామయ్యా. పదకొండేళ్లుగా మీ కొట్లో గుడ్డ కొలుస్తున్నాను. కొలిచిందంతా పరుచుకుంటూ పోతే సముద్రం దాకా పోతుంది."

"పోతే పోతుంది. మళ్లీ మడత పెట్టాల్సింది నువ్వేగా."

"ఒక్క సొంత కొట్టు. అంతేగా అడిగాను?"

"అడిగావు. నేను కాదనలేదే."

"అవుననీ అనలేదు. మేస్త్రీ, రంపం తియ్యి. చెక్క కోసెయ్."

"నేను కొయ్యనండీ."

"ఏం?"

"చేసిన చేత్తో కొయ్యలేను. వేరే వడ్రంగిని పిలుచుకోండి. వాడు కోస్తున్నంతసేపూ నేను టీకి పోతాను. చూడలేను."

"లోపల మనిషున్నాడయ్యా!"

"ఆయనకేం ఇబ్బంది ఉన్నట్టు లేదుగా."

"లేదు లేదు, నాకేం ఇబ్బంది లేదు. కొయ్యొద్దు అల్లుడూ. పాడైన పని ఒక నష్టం. దాన్ని కోస్తే రెండు నష్టాలు."

"పోనీ సీటు ఊడదీస్తే?"

"సీటు వెనక రేకండీ. అది కంపెనీ వాళ్లు వేసింది. దానికీ నాకూ సంబంధం లేదు."

"ఒకటడుగుతాను అల్లుడూ. వెనక సీట్లో కూర్చునేది నేను. ఈ కన్నాలు సరిగ్గా నా రెండు చెవుల వెనకే ఎందుకు పెట్టించావు?"

"పాటలు మీకు బాగా వినిపిస్తాయని."

"నాకు పాటలు వినిపించడానికా, నీకు నా మాటలు వినిపించకుండా ఉండడానికా?"

"రెండూ... కాదు కాదు, పాటలకే. ఇప్పుడా సంగతెందుకు మామయ్యా?"

"ఖాళీగా కూర్చున్నానుగా. లెక్కలు సరిచూసుకుంటున్నాను."

"సరే. కారు ఇలాగే తీసుకెళ్తాను. యజమాని గుమ్మం ముందు ఆపుతాను. మీరు కన్నంలోంచి సరే అనండి. చాలు."

"కన్నంలోంచి మాటిచ్చే వ్యాపారిని ఎవడు నమ్ముతాడయ్యా?"

"గొంతు మీదేగా!"

"గొంతుదేముంది, రేడియోలోంచి కూడా వస్తుంది. మనిషి కనపడాలి."

"చెయ్యి బయటపెట్టొచ్చండీ. ఆరంగుళాల కన్నం. షావుకారుగారి చెయ్యి హాయిగా పడుతుంది. కావాలంటే ఇంకో అరంగుళం పెంచుతాను."

"ఇందాక కొయ్యలేనన్నావు మేస్త్రీ!"

"కొయ్యడం వేరు, పెంచడం వేరండీ."

"ఏదీ, చెయ్యి పెట్టండి మామయ్యా. ఆ... ఇంకొంచెం... మోచెయ్యి దాకా వచ్చేసింది! ఇదిగో, యజమాని ఈ చెయ్యి ఇలా పట్టుకుంటాడు, ఇలా ఊపుతాడు, పనైపోతుంది."

"ఊపింది చాలు, ఉంగరం ఊడేట్టుంది. వదులు."

"తాళంచెవి ఎక్కడ?"

"కారుకే ఉందండీ బాబుగారూ."

"ముందుకెళ్లి స్టార్ట్ చేస్తున్నాను. గట్టిగా పట్టుకోండి మామయ్యా."

"ఏం పట్టుకోను?"

"ఆ కాళ్లున్నాయిగా, వాటినే."

"అల్లుడూ, ఆపు. ఆపమంటున్నానా!"

"ఏమైంది? తల తగిలిందా?"

"తల బాగానే ఉంది. అక్కడికి వెళ్లక్కర్లేదు."

"అదేంటి? ఇంకా ఇరవై నిమిషాలుంది."

"ఎంతున్నా ఒకటే. గది ఇచ్చేశారు."

"ఇచ్చేశారా? ఎప్పుడు?"

"పొద్దున్నే. నేనే వెళ్లి సరే అని వచ్చాను. ఎదురుగా నిలబడి."

"ఎవరికిమ్మని సరే అన్నారు?"

"మేస్త్రీ, నువ్వు టీకి పోతానన్నావుగా."

"ఇప్పుడు వద్దులెండి. కూర్చుంటాను."

"మామయ్యా, ఎవరికి?"

"నా కూతురికి."

"ఎవరూ? మా ఆవిడకా?"

"నాకున్నది ఒక్కతే కూతురయ్యా."

"తనకి గది సంగతే తెలీదు! అంతా ఖాయమయ్యాక చెబుదామని నెల రోజులుగా దాచాను."

"దాచిన వారానికే తెలిసింది. యజమాని భార్యా మా అమ్మాయీ రోజూ కలిసి నడకకి వెళ్తారు. 'నాకు చెప్పకుండా కొట్టు పెట్టేవాడికి కొట్టెందుకు నాన్నా, నేనే పెడతాను' అంది. అటూ ఇటూ లెక్క వేసి చూశాను. న్యాయంగానే అనిపించింది."

"మరి నేను?"

"నువ్వు ఎప్పట్లాగే నా దగ్గర కొలుస్తావు. ఆ మాట నన్నే చెప్పమంది. పొద్దుట్నుంచీ నీ ముఖం చూస్తున్నాను, నోరు రావడం లేదు. ఇంతలో మేస్త్రి డిక్కీ తెరిచాడు. ఎక్కేసి మూత లాక్కున్నాను."

"మీరే లాక్కున్నారా?"

"నేనే."

"జరుగు మేస్త్రీ, కాస్త గాలి రానీ."

"అల్లుడూ? ఉన్నావా?"

"ఉన్నాను. తనిప్పుడెక్కడుంది?"

"ఐదులోపే ఇక్కడికి వస్తానంది. నెల రోజులు ఎందుకు దాచావో నీ నోటితోనే వినాలట. నీ వెనక సీట్లో కూర్చుని వింటుందట, ఇంటికెళ్లేదాకా."

"బాబుగారూ, వీధి మొదట్లో ఆటో ఆగిందండీ. దిగుతున్నది మీ ఆవిడగారేనా?"

"మేస్త్రీ, ఆ రంపం ఇలా ఇవ్వు."

"షావుకారుగారిని బయటికి తీస్తారా?"

"మామయ్యా, కాస్త ఆ పక్కకి జరగండి. నేనూ లోపలికి వస్తున్నాను."