ఇరవై తారీఖు దాక

హలో… ఔ, నేనే. దుకాన్లనే ఉన్న, అబిడ్స్‌ల ఇంకెక్కడుంట? … ఏందే అహల్యా, కాచిగూడల మీ అక్కింటికి పోయి పూట గాలే, అప్పుడే ఫోనా?

… లే. వాపస్ వచ్చుడు లేదు. పొద్దుగాల నాంపల్లిల ఆటో ఎక్కిచ్చినప్పుడే చెప్పిన గద?

… ఏదో చెప్తవుగని, ముందు నా మాట ఇను. పదకొండేండ్లు నీ చెయ్యి నా రొమ్ము మీద మోసిన. నిద్రల నాకు ఊపిరాగుడు, నువ్వు తట్టుడు, "ఊపిరి తీస్కోయ్యా, తీస్కోయ్యా" అనుడు. పొద్దంత నీ ఆవులింతలు. కూరల రెండుసార్లు ఉప్పు. పెండ్లాన్ని తెచ్చుకున్ననా, వాచ్‌మన్‌ను తెచ్చుకున్ననా!

… ఏరు దాటి తెప్ప తగలేసిననా? ఔ, తగలేసిన. ఏరు దాటినంక తెప్పను నెత్తి మీద మోస్తరా ఎవలన్న?

… ఏడువకు. నీ పని ఒడిసింది, గంతే. డాక్టర్లు నా ఛాతిల మిషిన్ డబ్బీ పెట్టిన్రు, ఊపిరి నరానికి తీగ ఏసిన్రు. ఊపిరాగితే అదే నరాన్ని కదిలిస్తది. ఆవులించదు, అలగదు. ఆపరేషనై పన్నెండు దినాలు, ఒక్కనాడన్న ఉలిక్కిపడి లేచిననా? చంటిపిల్లగాని లెక్క పడుకున్న!

… ఏంది? … జర మళ్ల చెప్పు.

… మిషిన్ ఇంక ఆన్ చెయ్యలేదా?

… గాయం మానాల్నా? … డాక్టర్ నీతోని చెప్పిండా… ఇరవై తారీఖుకు పోతే అప్పుడు… మరి గీ పన్నెండు దినాలు?

…

నువ్వేనా.

… కుట్లున్నయని రొమ్ము ముట్టకుంట… అరికాలు గీరినవా? నాకు తెల్వకుంట? … మరి నీ నోట్ల ఏం పెట్టుకున్నవ్, చెప్పొద్దా?

… భయపడ్తనని? నేనా? ఈ వెంకటేశం భయపడ్తడా!

…

అహల్యా… ఇను. ఆరింటికల్ల ఇంటికి రా. … ఎందుకంటే ఏంది? ఇయ్యాల నేను పడుకోవద్దా? … తప్పయింది అనాల్నా? సరే, అయింది. రా.

… ఎన్ని దినాలా? ఇరవై తారీఖు దాక. … ఆ తర్వాతా? ఆ తర్వాత మిషిన్ ఆన్ అయితది గద, నువ్వెందుకు? మీ అక్క దగ్గరికే పో, నేనొద్దంటనా…

ఏందా నవ్వు? … అహల్యా… ఏయ్, ఫోన్ పెట్టకు, పెట్టకు—

హలో? … హలో!