అన్నయ్య రెండో చెయ్యి

ఆ సీసానా? కింద పెట్టు. ఒంటి చేత్తో అటూ ఇటూ తిప్పకు, జారుతుంది. అవును, జామ్ సీసాయే. మూతకి రెండు గొట్టాలు బిగించినవాడు మీ పెద్దమామయ్య, మా అన్నయ్య. పొద్దున్న అటక మీంచి నేనే దించాను. ఎందుకేమిటి, తుడవడానికి. సరే, తుడవడానికి కాదు. నిన్న నువ్వు మీ రిపేరు షాపువాళ్ళతో ఫోనులో అన్నది విన్నాను. "నా సామాను ఎవరికైనా ఇచ్చేయండి, నేనిక రాను" అన్నావు. పొంచి వినలేదు, మన గోడలు పలచన. నీ ఎడమచేతికి కట్టు కట్టి పదకొండు రోజులు. వేళ్ళ సంగతి ఆర్నెల్లు పోతేగాని చెప్పలేనన్నాడు డాక్టరు. ఇప్పటికీ ఫోను మోగితే స్కూటరు పడిందని చెప్పిన ఆ గొంతే అనుకుంటాను. సరే, అది వదిలెయ్. కూర్చో.

మామయ్య నీకు గుర్తుండడు. పోయి పంతొమ్మిదేళ్ళు, అప్పటికి నీకు అయిదు. నాకంటే పదహారేళ్ళు పెద్దవాడు. ముందుగదిలో బల్ల వేసుకుని రేడియోలు, టీవీలు, మిల్లు యంత్రాల సర్క్యూట్ బోర్డులు బాగుచేసేవాడు. ముప్ఫై ఎనిమిదో ఏట ఒకరోజు పొద్దున్న చొక్కా తొడుక్కుంటుంటే ఎడమచెయ్యి చొక్కాలోకి రానంది. అంతే. మళ్ళీ లేవలేదు ఆ చెయ్యి. నెల్లాళ్ళకి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. బోర్డుని వైసు దవడల మధ్య బిగించి, టంకం తీగ నోట్లో పట్టుకుని, కుడిచేత్తో టంకం కరిగించే ఐరన్ పెట్టి అతికాడు. నోట్లో పెట్టకూడదు, విషం, నువ్వు పెట్టకు. తర్వాత క్లిప్పు చేసుకున్నాడులే. అతకడం వచ్చింది. ఊడదియ్యడమే రాలేదు. నీకు తెలుసుగా, ఐరన్‌తో టంకం కరిగిస్తూ ఇంకో చేత్తో స్ప్రింగు పంపు నొక్కి పీల్చాలి. "పెట్టడానికి ఒక చెయ్యి చాలే, తియ్యడానికే రెండు కావాలి" అని నవ్వాడు. నవ్వినట్టు లేదు ఆ నవ్వు.

ఆ రెండో చెయ్యి నేనయ్యాను. అప్పుడు నాకు ఇరవై రెండు. పంపు పట్టుకుని పక్కన కూర్చునేదాన్ని. వాడు "ఇప్పుడు" అనేవాడు, నేను నొక్కేదాన్ని. ఆ రెప్పపాటులోనే టంకం గట్టిపడేది. లేదా ఐరన్ ఎక్కువసేపు ఉండిపోయి బోర్డు మీద బెజ్జం చుట్టూ ఉండే రాగి రింగు లేచిపోయేది. ఒక రింగు లేచిందంటే ఆ బోర్డు సగం చచ్చినట్టే. "అన్నాక నొక్కుతున్నావే. అనకముందే నొక్కాలి" అనేవాడు. "అనకముందు నాకెలా తెలుస్తుందిరా?" అనేదాన్ని. ఒకసారి ఐరన్ స్టాండులో పెట్టేసి, "అదేనే. అది నా చేతికి తెలిసేది" అన్నాడు. ఆ రోజు ఇంకేం పని చెయ్యలేదు. అమ్మ ఏమిటని అడిగితే కరెంటు లేదన్నాడు. నెత్తిమీద ఫ్యాను తిరుగుతోంది.

అప్పుడొచ్చాడు ప్రెస్సాయన. ఊళ్ళో పెద్ద అచ్చు యంత్రం ఆయనదే. పొట్ట ముందొచ్చేది, ఆయన వెనకొచ్చేవాడు. యంత్రం బోర్డులో నలభై కాళ్ళ చిప్పు పోయింది. బోర్డు తెచ్చాడు గానీ బల్ల మీద పెట్టలేదు, చంకలోనే ఉంచుకున్నాడు. "ఏమీ అనుకోకయ్యా. ఒక చేత్తో చప్పట్లే మోగవు, నలభై కాళ్ళేం ఊడతాయి? పక్క ఊళ్ళో ఇంకొకాయన ఉన్నాట్ట" అన్నాడు. అన్నయ్య కుడిచెయ్యి చాపాడు. "శుక్రవారం దాకా ఉంచండి. రింగు ఒక్కటి లేచినా, నా దగ్గరికి ఎవర్నీ రావద్దని మీరే చెప్పండి." రింగు లేస్తే అన్నంత పనీ చేసేవాడే ప్రెస్సాయన, ఆయన నోట పడితే సంతలో చాటింపు వేసినట్టే. ఆయన బోర్డు ఇచ్చి వెళ్ళాక నేను పంపు తీసుకొచ్చాను. "వద్దు. ఎన్నాళ్ళు నీ చెయ్యి అరువు తీసుకోను?" అన్నాడు.

శుక్రవారానికి ఆరు రోజులుంది. గాలి పీల్చడానికి పాత ఫ్రిజ్జు కంప్రెసర్ ఒకటి సంపాదించాడు. ఐరన్ ముక్కుకి బెజ్జం వెయ్యమని లేత్ మేస్త్రీ దగ్గరికి పంపాడు నన్ను. "సూదికి బెజ్జం ఎరుగుదును గానీ ఐరన్‌కి బెజ్జమేమిటమ్మా? మీ అన్నయ్య దీంతో ఏం కుడతాడు?" అని మూడు డ్రిల్లు బిట్లు విరగ్గొట్టుకుని వేశాడు పాపం. ఆ బెజ్జంలోంచి సన్న గొట్టం ఈ సీసాలోకి, సీసాలో దూది, సీసాలోంచి ఇంకో గొట్టం కంప్రెసర్‌కి. టంకం ముక్కలు సీసాలో పడాలి, దూది దాటి పోకూడదు, పోతే కంప్రెసర్ పట్టేసి ఆగిపోతుంది. ఐరన్ వేడి పెంచి తగ్గించే డబ్బా పక్కనే కంప్రెసర్ కోసం ఇంకో స్విచ్చు. దాన్ని కాలితో నొక్కడానికి అమ్మ కుట్టుమిషను పెడల్ ఊడదీశాడు. "నా మిషను కాళ్ళు విరిచి నీ చెయ్యి చేసుకుంటావుట్రా" అని అరిచింది అమ్మ. తర్వాత పెరట్లోకి వెళ్ళి ఏడ్చింది. మిషను కోసం కాదు.

ఇప్పుడు నా ఘనకార్యం విను. కంప్రెసర్‌కి ఒక గొట్టం పీలుస్తుంది, ఇంకోటి ఊదుతుంది. పీల్చేదానికి సుద్దగీత పెట్టాడు. నేను బుద్ధిమంతురాల్ని కదా, జిడ్డుగా ఉందని శుభ్రంగా తుడిచేశాను. తుడిచి, గొట్టం బిగించి, "రెడీ" అన్నాను. వాడు పెడల్ తొక్కాడు. కరిగిన టంకం పీల్చుకోవడం పోయి తుపుక్కున గోడ మీదికి ఊసింది! గోడ మీద, క్యాలెండర్ మీద, వాడి కళ్ళజోడు మీద. కళ్ళజోడు లేకపోతే... ఊఁ. వాడు కళ్ళజోడు తీసి చూసుకుని, "వెనక్కి పనిచేస్తోందంటే పనిచేస్తున్నట్టేగా. మార్చు" అన్నాడు. నేను స్పానర్ తప్పు నట్టుకి పెడితే, వాడే కంప్రెసర్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని ఒంటి చేత్తో మార్చాడు. గంట పట్టింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

శుక్రవారం ప్రెస్సాయన కళ్ళ ముందే అన్నయ్య పని మొదలుపెట్టాడు. కుర్చీ వేశాం, ఆయన కూర్చోలేదు. అన్నయ్య ముందు చిప్పు ప్రతి కాలికీ కొంచెం కొత్త టంకం పెట్టాడు. "తియ్యమంటే పెడతావేమయ్యా?" అన్నాడాయన. "పాతది మొండిదండీ. కొత్తది కలిస్తేగాని కరగదు" అన్నాడు అన్నయ్య. బోలు ముక్కుని కాలి మీద పెట్టి, కరిగిందాకా ఆగి, చిన్నగా గుండ్రంగా తిప్పాడు. లోపల చిప్పు కాలు కదిలాక అప్పుడు పెడల్ తొక్కాడు. సీసాలో టిక్కుమంది. ఒకటి. మళ్ళీ టిక్కు. నేను పెడల్ నొక్కుదామని కిందకి వంగాను, చూడు నా బుద్ధి. కాలితోనే నన్ను తోశాడు. నలభై అయ్యాయి. బోర్డు తిరగేసి బల్ల అంచుకి తట్టాడు. చిప్పు దానంతటదే రాలి పడింది. ప్రెస్సాయన కళ్ళజోడు సవరించుకుని రింగులు లెక్కపెట్టాడు, రెండుసార్లు. అన్నీ ఉన్నాయి. అన్నయ్య కుడిచేత్తో బల్ల మీద గట్టిగా ఒక్కటి చరిచాడు. "మోగిందాండీ?" అన్నాడు.

తర్వాత పదకొండేళ్ళు చేశాడు. ప్రెస్సాయనే అందర్నీ పంపేవాడు.

ఏమంటున్నావ్? మామయ్య వేరు, నువ్వు వేరు. తెలుసు. నీ వేళ్ళు వస్తాయో రావో నాకూ తెలీదు. వస్తాయని అబద్ధం చెప్పను. కంప్రెసర్ మంచం కింద ఉంది, నిన్న మధ్యాహ్నం వేసి చూశాను, తిరుగుతోంది. దూది కొత్తది పెట్టాను. పీల్చే గొట్టానికి ఎర్ర దారం కట్టాను, సుద్ద కాదు. నీ పాత బోర్డు వైసులో బిగించాను. మామయ్య ఐరన్ కాగింది కూడా. ఇలా జరుగు. పెడల్ నీ కుడికాలి దగ్గరుంది. లేదు, నేను తొక్కను. నీ కాలికేం కాలేదుగా. ముందు కొత్త టంకం పెట్టు. ఆఁ. తిప్పు. కదిలిందా? నాకు చెప్పకు. నీ కాలికి చెప్పు.